రెక్క పక్కన ఐదు రోజులు

సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానాన్ని అమ్మినవాళ్ళ దగ్గర్నుంచి కొన్నవాళ్ళ ఊరికి చేర్చే పని ఒప్పుకున్నాను. దూరం దాదాపు 1,400 నాటికల్ మైళ్ళు. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బులు కమ్ముకొచ్చే కాలం. పొద్దుటిపూటే ఎగిరి, ఎండ ముదిరేలోపు ఎక్కడో ఒకచోట దిగిపోవాలని ఐదు రోజుల ప్రయాణంగా వేసుకున్నాను. తోడు నా దగ్గరే విమానం నడపడం నేర్చుకున్న కుర్రాడు. లైసెన్సు చేతికొచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్ముడూ అంటాను.

దారిలో ఆగినవన్నీ చిన్న విమానాశ్రయాలే. గాల్లో జరిగింది రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రోజూ రాత్రి నోట్‌బుక్ తెరిస్తే రాయాల్సిందంతా నేల మీద జరిగిందే.

మొదటి రోజు

రెండున్నర గంటలు ఎగిరి మొదటి మజిలీలో దిగాం. ఒకటే రన్‌వే, విమానాలు నిలిపే ఏప్రన్‌లో నాలుగింటికే చోటు. రేడియోలో గాలి ఎటుందో చెప్పిన మనిషే బయటికొచ్చి చేతులూపి పార్కింగ్ చూపించాడు. ఇంజన్ ఆగింది, చక్రాలు కదలకుండా అడ్డుపెట్టే చాక్స్ పడ్డాయి. ల్యాండింగ్ కాగితాల కోసం నన్ను లోపలికి పిలిచారు. "ఫుల్ చెయ్యమని చెప్పు" అని తమ్ముడితో అనేసి వెళ్ళిపోయాను. ఏం పట్టాలో నేను చెప్పలేదు. ఆ తప్పు నాదే.

పది నిమిషాలు కాలేదు. తమ్ముడు తలుపు తోసుకుని వచ్చాడు.

"అన్నా, కిరసనాయిలు వాసనొస్తోంది."

పరుగెత్తాను. ఎడమ రెక్క దగ్గర నిచ్చెన మీద ఓ కుర్రాడు, వయసు ఇరవై దాటి ఉండదు, ట్యాంకులో నాజిల్ పెట్టి నిలబడ్డాడు. ఫ్యూయల్ తెచ్చే ట్యాంకర్ బండి, అంటే బౌజర్, దాని పక్కన నల్లటి పట్టీ, దాని మీద తెల్లక్షరాలు: జెట్ ఎ-1. మా విమానానికి కావలసింది అవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్, అంటే విమానాల పెట్రోలు. దాని గుర్తు ఎర్ర పట్టీ. ఆపమని అరిచేసరికి మీటర్ పదకొండు లీటర్ల దగ్గరుంది.

ఆ పదకొండు లీటర్లు ఎంత ప్రమాదమో విమానాలు నడిపే ప్రతివాళ్ళకీ తెలుసు. అయినా చెప్పుకోవాలి. జెట్ ఫ్యూయల్ ఒక రకం కిరసనాయిలే. అవ్‌గ్యాస్‌తో నడిచే పిస్టన్ ఇంజన్లో అది పడితే స్టార్ట్ చేసినప్పుడు ఏమీ తెలియదు, ఎందుకంటే గొట్టాల్లో పాత అవ్‌గ్యాస్ ఇంకా ఉంటుంది. రన్‌వే దాకా నేల మీద నడిపేటప్పుడూ బాగానే తిరుగుతుంది. ఫుల్ పవర్ ఇచ్చి నేల వదిలాక, కొన్ని వందల అడుగులు లేచాక, కల్తీ సరుకు సిలిండర్లకి చేరుతుంది. అక్కడ డిటొనేషన్, అంటే సిలిండర్లో అదుపు తప్పిన పేలుళ్ళు, మొదలై ఇంజన్ తనను తానే పగలగొట్టుకుంటుంది. వెనక్కి తిరిగి రావడానికి ఎత్తు చాలదు.

ఆ కుర్రాడి ముఖంలో రక్తం లేదు. "పొద్దున ఇట్లాంటి చిన్న విమానానికే ఇదే పట్టానండి" అన్నాడు. అబద్ధం కాదు. పొద్దున వచ్చింది డైమండ్ డీఏ-42. చూడ్డానికి చిన్నదే, ప్రొపెల్లర్లే, కానీ డీజిల్ తరహా ఇంజన్లు కాబట్టి జెట్ ఎ-1తోనే నడుస్తుంది. ప్రొపెల్లర్ ఉంటే అవ్‌గ్యాస్ అన్న పాత లెక్క ఇప్పుడు పనికిరాదు. ఆ కుర్రాడికి ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది నాజిల్. జెట్ ఫ్యూయల్ నాజిల్ మూతి బాతు ముక్కులాగా చదునుగా, 67 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉండాలి. అవ్‌గ్యాస్ విమానాల ట్యాంకు మూతి 60 మిల్లీమీటర్లకి మించదు కాబట్టి అది దూరదు. మనిషి పొరపాటు పడినా ఇనుము అడ్డుపడేలా చేసిన ఏర్పాటు అది. దానికి హూవర్ నాజిల్ అని పేరు. అమెరికన్ విన్యాస పైలట్ బాబ్ హూవర్ విమానంలో ఇలాగే జెట్ ఫ్యూయల్ పట్టారు. టేకాఫ్ అవగానే రెండు ఇంజన్లూ పోయాయి. ఆయనా, ఆయనతో ఉన్నవాళ్ళూ బతికి బయటపడ్డారు. తిరిగొచ్చి, తప్పు చేసిన కుర్రాణ్ణి దగ్గరికి తీసుకుని, ఇంకెప్పుడూ నువ్వు ఈ తప్పు చెయ్యవని నాకు తెలుసు, రేపు నా విమానానికి నువ్వే పట్టాలి అన్నాడట. ఆ తర్వాతే ఈ వెడల్పు నాజిల్ వాడుకలోకి వచ్చింది.

ఇక్కడి బౌజర్‌కి ఆ మూతి తీసేసి సన్నటి గుండ్రటిది బిగించారు. కొన్ని హెలికాప్టర్లకీ, కొన్ని డీజిల్ విమానాలకీ వెడల్పుది దూరదని సన్నది పెట్టి, అలాగే వదిలేశారు. అడ్డుగోడ పడగొట్టి, కాపలాకి ఒక కొత్త కుర్రాణ్ణి నిలబెట్టినట్టయింది.

సూపర్‌వైజర్ వచ్చి కేకలు మొదలుపెట్టాడు. చెయ్యి అడ్డుపెట్టాను. హూవర్ సంగతి ఆయనకీ ఆ కుర్రాడికీ కలిపే చెప్పాను. "మీరు నాజిల్ మార్చండి, ఈ అబ్బాయికి ట్యాంకు ఖాళీ చెయ్యడం నేను చూపిస్తాను" అన్నాను. మెకానిక్ దొరకడానికి గంట పట్టింది. ఏ ట్యాంకు నుంచి ఫ్యూయల్ రావాలో తిప్పే సెలెక్టర్ 'బోత్' (రెండూ) మీద ఉండిపోయింది కాబట్టి ఒక ట్యాంకుతో సరిపెట్టడానికి లేదు, రెండూ ఖాళీ చేశాం. ఫ్యూయల్ వడకట్టే స్ట్రెయినర్ విప్పి కడిగాం. కొత్త అవ్‌గ్యాస్ కొంచెం పోసి మళ్ళీ వదిలేశాం. ఈ మోడల్‌కి రెక్కకి ఐదు చొప్పున, పొట్ట కింద మూడు, అడుగున చేరిన ఫ్యూయల్ బయటికి తీసి చూసే డ్రెయిన్ పాయింట్లు మొత్తం 13. పదమూడింటి నుంచీ శాంపిల్ పట్టించాను, ఆ కుర్రాడి చేతే.

శాంపిల్ రంగు చూసి సరిపెట్టుకోవద్దని కూడా చెప్పాను. అవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ నీలంగా ఉంటుంది. కొద్దిగా జెట్ ఫ్యూయల్ కలిసినా నీలం నీలంగానే కనిపిస్తుంది, కంటికి దొరకదు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వెయ్యాలి. అవ్‌గ్యాస్ అయితే కాసేపటికి ఆరిపోయి కాగితం మామూలుగా అయిపోతుంది. జెట్ కలిస్తే నూనె మరక మిగులుతుంది, వేలితో తాకితే జిడ్డు. మొదట పట్టిన శాంపిల్‌తో ఒక చుక్క, ఆఖరి దానితో ఒక చుక్క పక్కపక్కన వేసి ఇంజన్ పై కప్పు మీద ఆరబెట్టాం. మొదటి దాని చుట్టూ వెలుతురు దూరే ఉంగరం మిగిలింది. రెండోది పోయింది. ఆ కుర్రాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు ఇంక ఎగరలేదు. వెళ్ళేటప్పుడు ఆ కుర్రాడు నా నంబర్ రాసుకుని, "చేరాక ఒక్క మాట చెప్పండి సార్" అన్నాడు.

రెండో రోజు

ఈ చోటు కాస్త పెద్దది. రోజుకి మూడు నాలుగు ఏటీఆర్ 72లు, రెండు ప్రొపెల్లర్ల ప్రయాణికుల విమానాలు, వచ్చిపోతాయి. విమానం ఎక్కడ ఆగాలో చేతి సైగలతో చూపించే మార్షలర్, నారింజ జాకెట్టులో, మమ్మల్ని ఏటీఆర్ ప్రొపెల్లర్ గాలి తగలనంత దూరంలో ఆపాడు. చేతులు తల మీద అడ్డంగా కలిపాడు, ఆగాం. నేను అరచెయ్యి చూపించి పిడికిలి బిగించాను, బ్రేకు వేశానని. అప్పుడుగానీ అతను చాక్స్ చేత్తో పట్టుకోలేదు. ప్రొపెల్లర్ పూర్తిగా ఆగేదాకా ముందు చక్రం వైపు అడుగు వెయ్యలేదు. ఒక్క మాట లేకుండా జరిగిన ఆ రెండు నిమిషాల్లో ఆ చోటు మీద నమ్మకం కుదిరింది.

వెయిటింగ్ గదిలో ఏటీఆర్ కెప్టెన్ ఒకావిడ కలిసింది. ఆవిడ రోజూ ఇట్లాంటి చిన్న చోట్ల మధ్యే తిరుగుతుంది. ఆగేది అరగంట లోపు. ఆ అరగంటలో అదే మనిషి సామాన్లు దింపుతాడు, ఎక్కిస్తాడు, చాక్స్ తీస్తాడు, చివరికి మార్షలింగ్ కూడా చేస్తాడు. ఆగిన విమానానికి కరెంటిచ్చే బండి, జీపీయూ, ఒక్కటే ఉంటుంది, అది కూడా ఒక్కోసారి మరమ్మతులో. అప్పుడు ఏటీఆర్‌కి సొంత ఏర్పాటు ఉంది: కుడి ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, దాని ప్రొపెల్లర్‌ని బ్రేకుతో ఆపి కరెంటు తీసుకుంటారు. హోటల్ మోడ్ అంటారు.

"నాకు తోకకర్ర గురించే దిగులు" అంది. ఏటీఆర్‌లో ప్రయాణికులు ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచి. అందరూ ఒకేసారి వెనక గుమిగూడితే తోక నేలకి వంగే ప్రమాదం. అందుకే తోక కింద ఒక ఊతకర్ర పెడతారు. బయల్దేరే ముందు తియ్యాలి. ఆవిడ కూర్చునే చోటు నుంచి తోక కనిపించదు.

ఒక చోట ఓ లోడర్ ఉన్నాడట. ఆ కర్ర తీసి బండిలో వేసి ఊరుకోడు. భుజాన వేసుకుని ముక్కు ముందుకి నడిచొచ్చి, రెండు చేతులా పైకెత్తి కాక్‌పిట్‌కి చూపిస్తాడు. చక్రాలు ముడుచుకోకుండా నేల మీద గుచ్చే గేర్ పిన్నులైతే వాటి ఎర్ర రిబ్బన్లు వేళ్ళ మధ్య విడివిడిగా వేలాడేలా పట్టుకుంటాడు, ఆవిడ లెక్కపెట్టుకోవడానికి. లెక్క సరిపోయిందని ఆవిడ బొటనవేలు చూపించేదాకా కదలడు. "అతను సెలవులో ఉన్న రోజు నేనే దిగి ఓసారి చుట్టూ తిరిగొస్తాను" అంది. తమ్ముడు ఈ మాట తన నోట్‌బుక్‌లో రాసుకోవడం చూశాను.

ఫ్యూయల్ మామూలుగా పట్టారు. ఈసారి ఇద్దరం రెక్కకి అటూ ఇటూ నిలబడ్డాం.

మూడో రోజు

ఎత్తు మీదున్న ఎయిర్‌స్ట్రిప్, సముద్రమట్టానికి 4,000 అడుగులు. దిగేసరికి పదకొండు. మళ్ళీ ఎగిరిపోదామని తమ్ముడి తొందర. ఫ్యూయల్ చూసే పెద్దాయన బౌజర్ తీసుకురాలేదు. ముందు ఖాళీ చేతులతో వచ్చి రెక్క నీడలో నిలబడి మూడు ప్రశ్నలు అడిగాడు.

"ఏం పట్టాలి బాబూ? ఎంత? లీటర్లా, గ్యాలన్లా?"

మూడో ప్రశ్నకి నాకు లేచి నమస్కారం పెట్టాలనిపించింది. గ్యాలన్లలోనూ రెండు రకాలున్నాయి. అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు, ఇంపీరియల్ గ్యాలన్ 4.546. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి 41,000 అడుగుల ఎత్తులో ఫ్యూయల్ అయిపోయి గ్లైడర్‌లా దిగింది. గేజీలు పని చెయ్యక ట్యాంకుల్లో కొలిచి చూశారు. లీటర్లను కిలోల్లోకి మార్చడానికి లీటరుకి 0.8 అని లెక్కెయ్యాల్సింది, 1.77 అని వేశారు. ఆ 1.77 పౌండ్ల లెక్క. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా బయల్దేరారు. గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం రన్‌వే దొరకబట్టి 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ రోజు నేల మీద లెక్క వేసినవాళ్ళూ, కాక్‌పిట్‌లో సరిచూసినవాళ్ళూ అందరూ చదువుకున్నవాళ్ళే. 'ఏ లెక్కలో?' అన్న ప్రశ్న మాత్రం సరైన చోట పడలేదు.

"ఫుల్" అన్నాడు తమ్ముడు.

పెద్దాయన గోడకున్న థర్మామీటర్ వైపు చూపించాడు. 32 డిగ్రీలు. "ఇప్పుడు ఫుల్‌తో వెళ్ళకండి. పొద్దున్నే వెళ్ళండి, సగం పట్టుకుని."

తమ్ముడు ముఖం ముడుచుకున్నాడు. కూర్చోబెట్టి లెక్క వేయించాను. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 7 డిగ్రీలు. ఉన్నది 25 డిగ్రీలు ఎక్కువ. వేడికి గాలి పలచబడుతుంది; డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,000 అడుగులు కలిపితే మా విమానం 7,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. మా 180 హార్స్‌పవర్ ఇంజన్లో సుమారు అయిదో వంతు శక్తి ఆ పలచటి గాలికే పోతుంది. రన్‌వే చివర చెట్లు ఉన్నాయి. మర్నాటి మజిలీకి గంటన్నర దూరం, 100 లీటర్లు రిజర్వుతో సహా సరిపోతాయి. ఇంకో వంద వదిలేస్తే 72 కిలోలు తగ్గుతాయి. పెద్దాయన ఈ లెక్కలేవీ వెయ్యలేదు. మధ్యాహ్నం ఫుల్ ట్యాంకులతో వెళ్ళినవాళ్ళు ఆ చెట్ల మీదుగా ఎంత ఎత్తున పోయారో ఆయన ఏళ్ళుగా చూస్తున్నాడు.

ఉండిపోయాం. సాయంత్రం ఆయనే తాళ్ళు తెచ్చాడు. మేం అప్పటికే కట్టేశాం. వచ్చి మా ముడి వేలితో లాగి చూసి, విప్పేసి మళ్ళీ కట్టాడు. రెక్క కింది రింగు నుంచి తాడు నిటారుగా కాకుండా బయటికి ఏటవాలుగా, ఒక అంగుళం వదులు ఉంచి. బిగించి కడితే తాడు తడిసినప్పుడు రింగునే లాగుతుందన్నాడు. తోకకి విడిగా ఒకటి. గాలికి స్టీరింగ్ కదలకుండా కంట్రోల్ లాక్ పెట్టామా అని అడిగాడు, వేగం కొలిచే పిటో గొట్టానికి కవర్ తొడిగామా అని చూశాడు.

రాత్రి రెండింటికి గాలివాన. ఈ విమానం 55 నాట్ల (గంటకి సుమారు 100 కిలోమీటర్ల) దగ్గర ముక్కు లేపి ఎగిరిపోయే రకం. ఎదురుగాలి అంత వేగంతో వీస్తే ఇంజన్ ఆగి ఉన్నా రెక్క ఎగరాలనే చూస్తుంది. షెడ్డు తలుపు సందులోంచి టార్చి వేసి చూస్తే, రెక్క ఆ అంగుళం మేర లేచి, తాడు పట్టుకోగానే ఆగి, మళ్ళీ కిందికి దిగుతోంది. లేచి, ఆగి, దిగుతోంది. తెల్లారేదాకా నాకు నిద్ర లేదు. అప్పుడు చూస్తే మా విమానం కట్టిన చోటే ఉంది. పెద్దాయన మాకంటే ముందే వచ్చి, ట్యాంకు మూతుల్లోకి నీళ్ళు దిగాయేమోనని శాంపిల్ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎడమ ట్యాంకులో దిగాయి కూడా. కప్పు అడుగున చిటికెడు తెల్లటి బుడగ, పైన నీలం. మూడుసార్లు వదిలాక నీలం ఒక్కటే మిగిలింది.

నాలుగో రోజు

బయల్దేరే ముందు నాలుగో మజిలీకి ఫోన్ చేస్తే అవ్‌గ్యాస్ ఉందన్నారు. దిగాక చూస్తే ఉన్నది పంపు కాదు, డ్రమ్ములు. 200 లీటర్లవి ఆరు.

డ్రమ్ముల ఫ్యూయల్ అంటే నాకు భయం. కానీ నీడలో ఆ డ్రమ్ములు పెట్టిన తీరు చూడగానే సగం భయం పోయింది. నిలబెట్టి లేవు. అడ్డంగా పడుకోబెట్టి, రెండు మూతులూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోటికి వచ్చేలా తిప్పి ఉన్నాయి. నిలబెడితే పైమూత చుట్టూ వాననీళ్ళు నిలుస్తాయి, రాత్రి చల్లబడి లోపల గాలి కుంచించుకున్నప్పుడు మూత మరల సందుల్లోంచి నీళ్ళు లోపలికి లాగేస్తుంది. పడుకోబెడితే మూతుల దాకా ఫ్యూయలే ఉంటుంది, గాలీ నీళ్ళూ దూరే సందుండదు. ఒక్కో డ్రమ్ము మీద నింపిన తేదీ సుద్దతో రాసి ఉంది.

అక్కడ పని చేసేది ఒక్కతే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. రేడియో, చాక్స్, రన్‌వే మీంచి పశువుల్ని తోలడం, అన్నీ ఆవిడే. డ్రమ్ము నిలబెట్టి, పంపు గొట్టం దిగే వైపు కాస్త ఎత్తుగా ఉండేలా కింద చెక్క ముక్క పెట్టింది. నీళ్ళుంటే అవతలి మూలకి చేరతాయి. గొట్టం అడుగుదాకా దించలేదు, నాలుగు వేళ్ళ ఎత్తున ఆపింది. కర్రకి నీళ్ళు తగిలితే రంగు మారే పేస్టు పూసి అడుగుదాకా గుచ్చి తీసి మాకు చూపించింది. రంగు మారలేదు. డ్రమ్ము నుంచి విమానం ఎగ్జాస్ట్ గొట్టానికి తీగ తగిలించింది. ఆ తీగ తగిలాకే ట్యాంకు మూత విప్పనిచ్చింది.

"తీగ ముందు, మూత తర్వాత. అయిపోయాక మూత ముందు, తీగ తర్వాత" అంది, చిన్నపిల్లలకి ఎక్కం చెప్పినట్టు.

చేతిపంపు తిప్పడం మా వంతు. వంద లీటర్లకి చేతులు పడిపోయాయి. నీళ్ళని ఆపే వడపోత గరాటులోంచి సన్నగా దిగే ఆ నీలం ధార వైపు ఆవిడ కళ్ళార్పకుండా చూస్తూనే ఉంది. "మీకు ఇవన్నీ ఎవరు నేర్పారు?" అని అడిగాను. ఒకప్పుడు ఇక్కడికి వచ్చే స్ప్రే విమానం పైలట్ ఒకాయన, ప్రతిసారీ పని ఆపి ఏది ఎందుకో చెప్పేవాడట. ఆయన రావడం మానేసి చాలా ఏళ్ళయింది.

మనలో ఎంతమందిమి అలా ఆగుతాం? దిగడం, సంతకం పెట్టడం, వాతావరణం చూసుకోవడం, పోవడం. రెక్క దగ్గర పని చేసే మనిషికి ఏది ఎందుకో చెప్పే తీరిక మనకి ఉండదు, మన ప్రాణం మాత్రం అతని చేతిలోనే పెట్టి పోతాం. మొదటి రోజు నేను చేసింది అదే.

ఐదో రోజు

చివరి మజిలీ. గాలి తేలిక, దిగడం తేలిక. కొన్నవాళ్ళ మనుషులు ఇద్దరు ఎదురొచ్చి ముందు చక్రానికి లాగే కడ్డీ, టోబార్, తగిలించి హ్యాంగర్లోకి లాగబోయారు. మలుపులో చక్రం తిరగాల్సిన హద్దుకి దగ్గర పడుతుంటే తమ్ముడు చెయ్యెత్తి ఆపాడు. హద్దు దాటి తిప్పితే లోపలి స్టాప్‌లు విరుగుతాయనీ, అది పైకి కనిపించదనీ వాళ్ళకి నెమ్మదిగా చెప్పాడు. చెప్పాక ఒకసారి తనే లాగి చూపించాడు. నేను దూరంగా నిలబడి చూశాను. టోబార్ తీసి గోడకి తగిలించాక, నా వైపు తిరిగి దాన్ని వేలితో చూపించాడు.

కాగితాలు అప్పగించాక మొదటి మజిలీ కుర్రాడికి ఫోన్ చేశాను.

"చేరారా సార్?"

"చేరాం. పదమూడు శాంపిళ్ళూ బాగున్నాయి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వెడల్పు నాజిల్ మళ్ళీ బిగించారండి" అన్నాడు. "సన్నది బీరువాలో పెట్టి తాళం వేశారు. అది తియ్యాలంటే రిజిస్టర్లో విమానం పేరు రాసి, పైలట్ సంతకం తీసుకోవాలి. నిన్న ఆ డీఏ-42 మళ్ళీ వచ్చింది. మొదటి సంతకం దాని పైలట్‌దే."